మొక్కు పేరుతో పరుగెత్తిన ఆదివారాలు

పోయిన ఆదివారం పదిగంటల వేళ మా కోడలు బూట్ల నిండా ఎర్రబురదతో, పిక్కల మీద ముళ్లు గీరిన గీతలతో, మెడలో పట్టీకి వేలాడే పతకంతో ఇంట్లోకి వచ్చి, కొండదారిలో ఇరవై కిలోమీటర్లు పరుగెత్తి వచ్చానని అందరికీ వినబడేటట్టు చెప్పింది. మా అబ్బాయి లేచి చప్పట్లు కొట్టాడు. మనవరాలు ఆ పతకాన్ని లాక్కుని తన మెడలో వేసుకుంది. నేను మాత్రం కోడలి కాళ్ల మీది ఆ గీతలను చూస్తూ ఉండిపోయాను. గుత్తులు గుత్తులుగా రంగురంగుల పూలు పూసే ముళ్లపొద ఒకటి మా కొండల నిండా ఉంటుంది, ఉన్నిచెట్టు అంటాం. దాని ఆకు నలిగితే వచ్చే ఘాటువాసన ఒకసారి ముక్కుకు తగిలినవాళ్లు మరచిపోరు. ఆ వాసన కోడలి మేజోళ్ల నుంచి వచ్చింది. అంతే, ఈ వారం రోజులుగా నాకు ఒకచోట నిలకడ లేదు. వంటగదిలోకి పోయి ఎందుకు పోయానో మరచి తిరిగి వస్తున్నాను. మోకాళ్లకు వైద్యం చేసే డాక్టరు మెట్లు ఎక్కవద్దన్నాడని తెలిసీ రెండుసార్లు మిద్దె ఎక్కి, పడమటి కొండల వైపు చూసి, దిగి వచ్చాను. చివరికి, రాస్తేనైనా ఊరట కలుగుతుందేమోనని ఈ నోటుబుక్కు ముందు వేసుకుని కూర్చున్నాను.

మాది కోయంబత్తూరుకు ఉత్తరాన ఉన్న తుడియలూరు. మా పెద్దలు ఏ కాలంలో తెలుగు సీమ వదలి ఈ కొంగునాటికి వచ్చారో మాలో ఎవరికీ సరిగా తెలియదు. ఇంట్లో తెలుగు, వాకిలి దాటితే తమిళం, బడిలో తమిళంతో పాటు ఇంగ్లీషు, ఇట్లా మూడు భాషల మధ్య పెరిగాం. మా వాళ్లలో తెలుగు మాట్లాడేవాళ్లే గాని చదివేవాళ్లు తక్కువ. నాకు ఈ అక్షరాలు నేర్పింది మా నాయన. సాయంత్రం పూట పలక ఇచ్చి, ఒక వాక్యం తప్పులేకుండా రాస్తే తప్ప వీధిలోకి పోనిచ్చేవాడు కాదు. వీధిలోకి పోవాలనే ఆత్రంలోనే నేను తెలుగు నేర్చుకున్నాను. చిన్నప్పటి నుంచీ నా కాళ్లకు ఊరుకోవడం తెలియదు. అన్నం తింటూ ఉంటే మోకాలు ఆడేది, పడుకుంటే పాదాలు ఆడేవి. ఆడపిల్ల కాళ్లు ఆడిస్తే ఇంటికి మంచిది కాదని అమ్మ నా తొడ మీద చరిచేది.

నాయన పోయిన తర్వాత, డ్రాయింగు చదువు ముగించుకుని, మా ఊళ్లోనే నీటిమోటార్లు చేసే ఒక పంపుల కంపెనీలో ట్రేసింగు పనికి చేరాను. పెద్ద బల్లకు కాగితం బిగించి, ఇంజనీరు పెన్సిలుతో గీసిన బొమ్మ మీద పలుచని కాగితం పరచి, నల్లసిరాతో ఒక్కొక్క గీతా తిరగగీయడం మా పని. ఊపిరి బిగపట్టి గీయాలి. చెయ్యి వణికితే బొమ్మ చెడుతుంది, చెడితే మొదటి నుంచి గీయాలి. రోజుకు ఎనిమిది గంటలు ఎత్తు స్టూలు మీద కూర్చుని చేతిని రాయిలా నిలిపి ఉంచితే, ఆ కదలనితనమంతా పోయి కాళ్లలో పేరుకునేది. నా స్టూలు కిర్రుమనకుండా ఒక్క గంట గడిచేది కాదు. మా సూపర్వైజరు పెద్దమనిషి, కోపగించుకునేవాడు కాదు, కళ్లజోడు పైనుంచి ఒకసారి చూసి మళ్లీ తల వంచుకునేవాడు. ఆ చూపుకు నాకు ఇంకా సిగ్గయ్యేది.

అప్పటికి ఇంట్లో అమ్మ, అన్న, వదిన, నేను. అన్నకు చిన్న లేత్ పట్టరై ఉండేది, అంటే ఇనుప కడ్డీలు చెక్కే పనిశాల. వదిన మదురై సీమ మనిషి. బోడి దగ్గర, కొండ అడుగున ఉన్న ఒక తెలుగు పల్లెలో పుట్టింది. వాళ్లదీ ఇంట్లో తెలుగే, కాని మా తెలుగుకూ వాళ్ల తెలుగుకూ చాలా తేడా ఉండేది. ఆమె మాటలో ఒక పాతకాలపు ఊగు ఉండేది, పోతిని, వస్తిని, చూస్తిమి అనేది. మొదట్లో నేను నవ్వేదాన్ని, తర్వాత తెలియకుండానే నాకూ ఆ మాటలు అంటుకున్నాయి. వాళ్ల నాయనది ఏలకుల వ్యాపారం. కొండ పైన తోటల్లో ఏలకులు తీసుకుని, మనుషుల నెత్తిన మూటలు పెట్టించి కాలిదారిలో కిందికి దింపించేవాడు. పెద్దమనిషి అయ్యేదాకా వదిన ఆ మూటలవాళ్ల వెంట కొండ ఎక్కడం, దిగడం. ఆ తర్వాత పెళ్లి, మా ఇల్లు, పొయ్యి, బావి, పశువుల కొట్టం. ఏడేళ్లయినా పిల్లలు లేరు. ఆమె ముభావంగా ఉంటే అందరం దానికి అదే కారణమనుకునేవాళ్లం.

ఒక ఆదివారం అన్న మా ఇద్దరినీ మురుగన్, అంటే సుబ్రహ్మణ్యస్వామి, గుడి ఉన్న మరుదమలై కొండకు తీసుకుపోయాడు. దర్శనం అయ్యాక అన్న మండపంలో కునుకు తీస్తూ ఉంటే, గుడి వెనక నుంచి అడవిలోకి పోయే కాలిదారి ఒకటి వదిన కంట పడింది. కట్టెలవాళ్లు, పశువులు మేపేవాళ్లు నడిచి నడిచి అరిగిన దారి. కొంచెం చూసి వద్దాం రా అంది. నేను వెంట నడిచాను. మొదటి మలుపు దాటగానే ఆమె చెప్పులు విడిచి చేత పట్టుకుని, చీర కుచ్చిళ్లు పైకెత్తి నాట్లువేసే ఆడవాళ్లలాగా నడుముకు దోపుకుని, వెనక్కి తిరిగి చూడకుండా పరుగెత్తింది. నేను నోరు తెరుచుకుని ఒక నిమిషం నిలబడ్డాను. ఆ తర్వాత నాకు తెలియకుండానే నా కాళ్లు కదిలాయి.

ఎంత దూరం పోయామో తెలియదు. డొక్కలో కత్తి గుచ్చినట్టు నొప్పి, నోట్లో ఇనుము నాకినట్టు రుచి. గులకరాళ్ల మీద జారి రెండుచోట్ల పడ్డాను, మోచెయ్యి చీరుకుపోయింది. పైన ఒక బండ దగ్గర ఆమె నిలబడి ఉంది. కింద కోయంబత్తూరు మిల్లుల పొగగొట్టాలు అగరువత్తుల్లాగా కనిపిస్తున్నాయి. గాలి చెమటను ఒక్కసారిగా చల్లబరిచింది. ఏడేళ్లలో మొదటిసారిగా వదిన పళ్లు కనబడేటట్టు నవ్వడం చూశాను. దిగేటప్పుడు నేను దబదబా దూకుతూ ఉంటే ఆమె నన్ను ఆపి చెప్పింది.

"దూకవద్దు పాపా. కొండ దిగేది కాదు, ఒలకాల. చెంబులోనుంచి నీళ్లు ఒలికిన మాదిరి. కాలు చూసుకోవద్దు, కాలు పెట్టబొయ్యే తావు చూడు."

ఆ ఒక్క మాట నాకు ఒంటబట్టడానికి రెండు నెలలు పట్టింది. ఆ ఆదివారం మరునాడు మాత్రం కంపెనీలో నా స్టూలు ఒక్కసారి కూడా కిర్రుమనలేదు. గీతలు కూడా దారం లాగినట్టు వచ్చాయి. సూపర్వైజరు కాగితం పైకెత్తి చూసి, పక్కన పెట్టాడు. ఆయన పొగడ్త అంతే.

మళ్లీ ఎట్లా వెళ్లాలి? ఇద్దరు ఆడవాళ్లు ఆదివారం పూట కొండల్లో పరుగెత్తడానికి పోతున్నామని ఆ రోజుల్లో ఏ నోటితో చెప్పగలం? ఆ వారమంతా నాకు నిద్ర పట్టలేదు. శనివారం వడ్లు చెరుగుతూ వదినే అమ్మతో చెప్పింది, నలభై ఎనిమిది వారాలు మరుదమలై ఎక్కి వస్తానని మొక్కుకున్నాను అత్తా, తోడుకు పాపను పంపించండి అని. ఎందుకోసం మొక్కు అని అమ్మ అడగలేదు. అడగవలసిన అవసరం ఎవరికుంది? మురుగనికి మంగళవారం కదా, ఆదివారం ఏమిటి అని మాత్రం అంది. పాపకు లీవు ఆ రోజే కదత్తా, దేవుడికి తెలియదా అని వదిన చేట తట్టింది.

అట్లా మొదలైంది. తెల్లవారకముందే లేచి, స్నానం చేసి, పూలూ కొబ్బరికాయా సంచిలో పెట్టుకుని, రెండు బస్సులు మారి కొండ అడుగుకు చేరేవాళ్లం. దేవుణ్ణి మోసం చేశామనకూడదు, ముందు మెట్లెక్కి దణ్ణం పెట్టుకునే పోయేవాళ్లం. దణ్ణం కాస్త తొందరగా ముగిసేది, అంతే. తర్వాత వెనకదారి. వానాకాలంలో జలగలు కాళ్లకు పట్టేవి. తడిసిన చీర గోనెసంచిలాగా బరువెక్కి మోకాళ్లకు చుట్టుకునేది. ఎండ కాసిన వారాల్లో వెదురాకులు అద్దం మీద నడిచినట్టు జారేవి. నేను తెల్ల గుడ్డబూట్లు కొనుక్కున్నాను, నాలుగు వారాలకు వాటి అడుగు ఊడింది. వదిన ఎక్కేటప్పుడు ఉత్త కాళ్లు, దిగేటప్పుడు టైరుతో చేసిన చెప్పులు. ఆమెను ఒక్కసారైనా మించిపోవాలని నా పట్టుదల. ఆమెకు అది తెలుసు, తెలిసీ ఎప్పుడూ నాకంటే పది అడుగులు మాత్రమే ముందుండేది. అందినట్టే ఉండేది, అందేది కాదు.

ఒక్కటే ముల్లు గుచ్చుకునేది. మొక్కు సంగతి వీధి అంతా తెలిసింది. ఎదురింటి అవ్వ ఆదివారం వేకువనే వాకిట్లో నిలబడి వదినకు నిమ్మకాయ చేతిలో పెట్టేది. ఇంకొకామె పసుపుతాడు పంపింది. కడుపు పండాలని ప్రతి నోరూ దీవించేది. ఆ దీవెనలన్నీ తల వంచుకుని పుచ్చుకుని, బస్సు ఎక్కాక వదిన కిటికీ వైపు తిరిగి కూర్చునేది. ఆ అబద్ధం భారం మా ఇద్దరిలో ఎవరి మీద పడిందో అప్పుడు నేను ఆలోచించలేదు. నా కాళ్లు నాకు కావాలి, అంతే.

ఇరవై వారాలు గడిచాయి. కార్తీక మాసం, వానలు వెనకబట్టాయి. ఆ వారమే తిరుప్పూరు నుంచి నాకొక సంబంధం వచ్చింది. బనియన్ల కంపెనీ ఉన్నవాళ్లు. పిల్ల నచ్చింది కాని పెళ్లయ్యాక ఉద్యోగం మానాలి, వాళ్ల ఇంటి ఆడవాళ్లు వాకిలి దాటరు అని చెప్పి పంపించారు. అన్నకు సంతోషం, అమ్మకు సంతోషం. నాకు ఊపిరి ఆడలేదు. ఆ ఆదివారం దణ్ణం పెట్టుకున్నానో లేదో గుర్తులేదు. దారి ఎక్కడమే తడవు, వదినను దాటి ముందుకు పోయాను. ఆమె ఆ రోజు ఎందుకో నన్ను పోనిచ్చింది. పాపా, నిదానం అని వెనక నుంచి రెండుసార్లు పిలిచింది. నేను వినిపించుకోలేదు. తిరుప్పూరు వాళ్లు నా వెనక తరుముకు వస్తున్నట్టు పరుగెత్తాను. గట్టు దాటి, అవతలి వైపు వాగులోకి దిగే దారి పట్టాను. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. మలుపు తర్వాత మలుపు, వెనక అడుగుల చప్పుడు లేదన్న సంగతి కూడా నాకు తెలియలేదు.

పైమలుపు దగ్గర వదిన ఆగిపోయిందట. ఆమె ముక్కు కొండ ముక్కు. గాలిలో వాసన పట్టి, కిందికి వంగి చూస్తే వాగు ఒడ్డున ఒక ఏనుగు, దాని పొట్ట కింద పిల్ల. నేను పరుగెత్తుతున్న దారి నేరుగా అక్కడికే పోతుంది. కేక వేస్తే నాకంటే ముందు ఏనుగు వింటుంది, పిల్లతల్లి కదా. దారి పట్టుకుని వస్తే నన్ను అందుకోలేదు. అందుకని ఆమె దారి వదిలేసి, ఉన్నిపొదల మీదుగా నిట్టనిలువుగా దిగింది. నాకు వినబడింది ఆకుల గరగర మాత్రమే. తల తిప్పేలోగా పొదలోనుంచి ఒక చెయ్యి వచ్చి నా కొంగు పట్టి లాగింది, ఇంకొక చెయ్యి నా నోరు మూసింది. ఇద్దరం ముళ్లల్లో కూలబడ్డాం. ఆమె ముఖం నిండా నెత్తురు గీతలు. పెదవులు కదలకుండా కింద అని కళ్లతో చూపించింది. అప్పుడు చూశాను, ఇరవై బారల దూరంలో మంచులో కదులుతున్న ఆ నల్లటి వీపును.

ఎంత సేపు అట్లా కూర్చున్నామో చెప్పలేను. ఏనుగు కొమ్మలు విరుచుకుంటూ, పిల్లను ముందుకు తోసుకుంటూ, తొందర లేకుండా అవతలి గట్టుకు ఎక్కింది. పుట్టి బుద్ధెరిగిన తర్వాత నా కాళ్లు కదలకుండా ఉన్నది ఆ కొంతసేపే. అడవి మళ్లీ సద్దుమణిగాక లేద్దాం వదినా అన్నాను. ఆమె లేవలేదు. చీర తొలగించి చూస్తే కుడి మోకాలు పక్కకు తిరిగి, కుండలాగా పొంగి ఉంది. దిగేటప్పుడు బండకు కొట్టుకుందట. ఆ మోకాలితోనే చివరి వాలు దిగి వచ్చి నన్ను పట్టుకుంది.

"నువ్వు పో. వాగు దాటవద్దు, పైదారినే పో. ఇరుళర్ల ఊరు ఉండాది, మనుషుల్ని పిలుచుకొని రా. ఏడవవద్దు, ఏడిస్తే ఊపిరి చాలదు."

ఏడవకుండా పరుగెత్తడం ఆ రోజు నేర్చుకున్నాను. అంతవరకు పరుగంటే నాకు ఆట. ఆ రెండు మైళ్లూ ఆట కాదు. ప్రతి పొద నల్లగా కనబడింది. ఆమె నేర్పిన ప్రతి మాటా కాళ్లకు గుర్తొచ్చింది. అడవినే నమ్ముకుని బతికే ఆ ఇరుళర్ల పల్లెలో ఒక పెద్దాయన నా ముఖం చూసి, నేను చెప్పేదాకా ఆగకుండానే ఇద్దరు మగవాళ్లను లేపి, గడకర్రా దుప్పటీ తీసుకుని బయలుదేరాడు. దుప్పటిని కర్రకు డోలీ కట్టి వదినను మోసుకొచ్చారు. దారి పొడుగునా ఆమె అబ్బా అనలేదు. నేను పక్కన నడుస్తూ ఆమె చెయ్యి పట్టుకోవాలనుకున్నాను, పట్టుకోలేకపోయాను.

ఆసుపత్రిలో తొడ దాకా పిండికట్టు వేశారు. అన్న బయట వసారాలో తల పట్టుకుని కూర్చున్నాడు. అమ్మ మంచం పక్కన నిలబడి, దేవుడి దారిలో జరిగింది, ఆయనే చూసుకుంటాడు, మొక్కు మధ్యలో ఆగిందని దిగులు పడవద్దు అని వదిన తల నిమిరింది. అప్పుడు వదిన నా వైపు చూడకుండా చెప్పేసింది.

"మొక్కు ఏమీ లేదత్తా. మేము పరిగెత్తను పోతా ఉంటిమి. పాప తప్పు లేదు, నేను పిలిస్తే వచ్చింది."

అమ్మ చెయ్యి ఆమె తల మీదే ఆగిపోయింది. నేను నేల చూస్తూ నిలబడ్డాను. తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. అమ్మ మాత్రం నన్ను అడిగింది, ఎన్ని వారాలని చెప్పితిరి, ఎన్ని అయినాయి అని. ఇరవై అయిందని చెప్పాను.

"విడిచిపెట్టేదానికి లేదు. ఆయన పేరు చెప్పి పోతిరి కదా, ఆయనకి తీర్చాల. మిగతా వారాలు నువ్వూ నేనూ ఎక్కుదాం అమ్మణి. మెట్ల మీదనే."

అమ్మ నాకు వేసిన శిక్ష అది. అంతకంటే పెద్ద శిక్ష నాకు ఇంకెవరూ వేయలేరు. అమ్మ లావు మనిషి, ఆయాసం. ప్రతి మెట్టుకూ పసుపు రాసి, కుంకుమ పెట్టి, ఒక కర్పూరం బిళ్ల వెలిగించి, అది ఆరేదాకా నిలబడి తర్వాతి మెట్టు ఎక్కేది. నేను పక్కన పళ్లెం పట్టుకుని నిలబడాలి. నా పాదాల వేళ్లు చెప్పుల్లో ముడుచుకుని విప్పుకుని ముడుచుకునేవి. పై మెట్లు చూస్తే కళ్లు తిరిగేవి. మెట్ల పక్కన చెట్ల సందుల్లోనుంచి కొండవాలు కనబడేది, దాని మీద మా దారి సన్నగా, తెల్లగా పాకుతూ పోయేది. దాన్ని చూడకూడదని తల తిప్పుకునేదాన్ని. ఏమి అమ్మణి, కాళ్లు అట్లా కొట్టుకుంటావుండాయే అని అమ్మ ఒకసారి అడిగింది. చీమలు అన్నాను. అమ్మ తర్వాతి మెట్టుకు పసుపు రాసింది.

ఇంటికి వస్తే వదిన మంచం మీద గోడకు ఆనుకుని ఎదురుచూస్తూ ఉండేది. దారి పచ్చబడిందా, వెదురు పూసిందా, పైబండ మీద గడ్డి ఎండిందా అని ఒక్కొక్కటే అడిగేది. దూరం నుంచి చూసినంత మటుకు చెప్పేదాన్ని, చూడనిది కల్పించి చెప్పేదాన్ని. నీ మోకాలు నా వల్లే అని ఒక్కసారైనా చెప్పాలని ప్రతి ఆదివారం అనుకునేదాన్ని. దానికి బదులు ఆమె కాలి కింద దిండు సర్దేదాన్ని. ఈ లోగా సంగతి తిరుప్పూరు దాకా పాకి, అడవుల్లో పరుగులు తీసే పిల్ల మాకు వద్దని వాళ్లు తప్పుకున్నారు. నేను లోలోపల ఊపిరి పీల్చుకున్నాను, ఆ ఊపిరికి వదిన ఏమి ఇచ్చుకుందో తలచుకుని మళ్లీ బిగపట్టాను.

చివరి ఆదివారం, చివరి మెట్టు మీద కర్పూరం వెలిగించాక అమ్మ చాలా సేపు కళ్లు మూసుకుంది. దిగేటప్పుడు, ఇన్ని వారాలూ ఏమడిగావమ్మా, మనవడినేనా అన్నాను. అమ్మ మధ్య మండపంలో కూర్చుని ఊపిరి తీసుకుని, కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆ పిల్ల కాలు అడిగితిని" అంది. తర్వాత కొండవాలు వైపు చెయ్యి చూపించి, ఆ పక్కనేనా దిగింది అని అడిగింది. అవునన్నాను. అమ్మ ఆ ముళ్లవాలును పైనుంచి కింది దాకా చూసింది.

వదిన కాలు అతికింది గాని మడత పడలేదు. కర్ర సాయంతో నడిచేది. మరుసటి వేసవికి పుట్టింటికి పోతూ, నన్ను కూడా తోడు తీసుకుపోయింది. బోడి చేరిన మూడోనాడు వాళ్లింట్లో ఎవరికీ చెప్పకుండా ఇద్దరం ఏలకుల దారి పట్టాం. ఆమె కర్ర పోటు వేసుకుంటూ, కుడికాలు పక్కకు విసురుతూ ఎక్కింది. నేను ఆమె వెనకే నడిచాను. అంత నెమ్మదిగా నడవడం మెట్ల మీద నేర్చుకున్నదే కదా. పైన ఊట దగ్గర నీళ్లు తాగాం. అక్కడ, దోసిలి తుడుచుకుంటూ, నేను ముందుకు పోకుండా ఉండి ఉంటే నీ కాలు బాగుండేది వదినా అని, ఎన్నాళ్ల నుంచో గొంతులో ఉన్నది చెప్పేశాను.

ఆమె దారి వైపు చూసి, "నేనూ చిన్నప్పుడు ఈ దారిలో అట్లనే ముందుకు పోతిని, పట్టుకొని లాగను ఎవరూ లేకపోయిరి" అంది. తర్వాత కర్ర నా చేతికిచ్చి, చీర పైకి దోపుకుంది. వద్దు వదినా అన్నాను. ఆమె అప్పటికే కదిలింది. బంధం వేసిన దూడ తెంపుకుని పరుగెత్తినట్టు, ఒక కాలు నేల మీద, ఒక కాలు గాలిలో, పడబోయి నిలదొక్కుకుని, మళ్లీ పడబోయి, ఆ వాలు మీద కిందికి పరుగెత్తింది. జుట్టుముడి ఊడి వీపు మీద పడింది. నేను కర్ర పట్టుకుని వెనక వచ్చాను, దాటగలిగి కూడా దాటలేదు. కింద చింతతోపు దగ్గర ఆమె ఒక చెట్టును కౌగిలించుకుని ఆగింది. నేను చేరేసరికి ఏడుస్తూ నవ్వుతోంది. మోకాలు మళ్లీ వాచింది. ఇంట్లో జారిపడ్డానని చెప్పింది. అదే ఆమె ఆఖరి పరుగు.

అన్నావదినలకు పిల్లలు పుట్టలేదు. మొక్కు తీర్చినా దేవుడు చూడలేదే అని ఎవరైనా జాలిపడితే, అడగనిది ఎట్లా ఇస్తాడు అని నవ్వేసేది. ఆ నవ్వు వెనక ఏముందో నేను ఎన్నడూ తవ్వలేదు. నాకు సింగానల్లూరులో పెళ్లయింది, మా ఆయన మంచివాడు, ఉద్యోగం మానమనలేదు. కొన్నాళ్లు నేను ఒంటరిగా కొండకు పోయి పరుగెత్తాను. తర్వాత పిల్లలు, షిఫ్టు బస్సులు, ఇల్లు కట్టడం. ట్రేసింగు బల్లలు పోయి కంప్యూటర్లు వచ్చాయి. అమ్మ పోయింది, అన్న పోయాడు. వదిన రెండేళ్ల కిందట పోయింది.

ఇప్పుడు కొండదారిలో చెట్టుకొక రంగు పట్టీ కట్టి దారి చూపిస్తారట. మైలుకొకచోట నీళ్లు, అరటిపళ్లు, పడితే ఎత్తడానికి మనుషులు. మణికట్టు మీది గడియారం గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో చెబుతుందట. మా పాతదారికి అడవిశాఖ వాళ్లు కంచె వేశారు, ఏనుగులు మనుషుల మీదికి రాకుండానో, మనుషులు ఏనుగుల మీదికి పోకుండానో. అదీ మంచిదే. ఇప్పటి ఆడపిల్లలు తలుపు తీసుకుని, పోయి వస్తానని చెప్పి పోతున్నారు. వాళ్లను చూస్తే నాకు సంతోషం, దాని వెంటే కడుపులో ఎక్కడో కాస్త అసూయ, దాచుకోవడమెందుకు. మా కాలంలో దేవుడి పేరు అడ్డం పెట్టుకోకుండా ఒక ఆడది గంటసేపు తనకోసం ఊపిరి పీల్చుకోలేకపోయింది. ఆ గంట కోసం ఒకామె ఒక కాలు పోగొట్టుకుంది, ఊరి దీవెనలన్నీ మోసింది, ఏ రోజూ దాన్ని నష్టమని నా దగ్గర అనలేదు.

ఆమెకు పతకం లేదు, ఫొటో లేదు. ఆమె చీర దోపుకుని కొండల్లో పరుగెత్తగా చూసినవాళ్లలో కట్టెలవాళ్లు కొందరు, పశువుల కాపరులు కొందరు ఉండి ఉంటారు, వాళ్లెవరో, ఎక్కడున్నారో నాకు తెలియదు. నాకు తెలిసి మిగిలింది నేనొక్కదాన్నే. ఎంత బాగా పరుగెత్తేదో, ఆ వాలు మీద ఆమె పాదం రాయిని ఎట్లా తాకీ తాకనట్టు తాకేదో, మా వాళ్లకు చెప్పబోతే నా మాటలు సగం తెలుగులో, సగం తమిళంలో తడబడిపోతున్నాయి. వాళ్లు ఓపికగానే వింటున్నారు. నేనే, చెప్పలేక, మధ్యలో లేచి మరొక గదిలోకి పోతున్నాను.